మొఖం ఎన్నిసార్లు కడుగుతరు?

మా దంతవైద్య కళాశాలలో సర్వేకి పంపడం శిక్ష కిందే లెక్క. పన్ను పీకబోయి వేరు విరగ్గొట్టినవాళ్లనీ, ప్రొఫెసర్ మాట్లాడుతున్నప్పుడు నవ్వినవాళ్లనీ జనం మీదికి పంపిస్తారని హాస్టల్లో చెప్పుకునేవాళ్లు. నేను రెండో కారణం మీద వెళ్లాను. నా క్లాస్‌మేట్ ఒకామె మాత్రం అడిగి మరీ వెళ్లింది. ఈ రాసేదంతా ఆమె గురించే. నా వైపు నుంచి చెప్పుకోవడానికి ఆ నవ్వు తప్ప పెద్దగా ఏమీ లేదు.

అప్పుడు మేం హౌస్ సర్జన్లం. అంటే పరీక్షలన్నీ పాసైనా డాక్టర్లని ఇంకా ఎవరూ నమ్మని దశ. ఆమెది కడప వైపు. వాళ్ల నాయనకి అక్కడ విత్తనాల అంగడి ఉండేది. కూతురి చదువు పూర్తి కాకముందే ఆయన బస్టాండు ఎదురుగా క్లినిక్‌కి ఒక గది చూసి పెట్టాడు. బోర్డు కూడా రాయించాడని, దాని మీద ఆమె పేరుకి అటొకటి ఇటొకటి రెండు దవడ పళ్లు వేయించాడని ఆమే చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె నవ్వలేదు కాబట్టి నేనూ నవ్వలేదు.

ఆమెకి క్లినిక్ ఇష్టం లేదు. జనం పళ్లు ఎందుకు పాడవుతాయో కనుక్కోవడం ఇష్టం. పాడైన పన్ను బాగు చేస్తే డబ్బులొస్తాయి, ఎందుకు పాడైందో కనుక్కుంటే ఏమొస్తుందని క్లాసులో అందరం ఆటపట్టించేవాళ్లం. విద్యార్థుల పరిశోధనా సదస్సు ఒకటి రాబోతోంది. అందులో తన పేపర్‌కి చోటు దొరికితే, ఇంకో ఏడాది కాలేజీలోనే ఉండి పరిశోధన చేస్తానని నాయనని ఒప్పించవచ్చని ఆమె ఆశ. దొరక్కపోతే బస్టాండు ఎదురుగా గది. సంగతి అంత సూటిగా ఉండేది.

సర్వేకి హైదరాబాదు శివార్లలో మాదాపూర్‌ని ఎంచుకుంది. ఆ రోజుల్లో మాదాపూర్ అంటే బండరాళ్లు, వాటి మధ్య లేస్తున్న ఒక గుండ్రటి భవనం. రాళ్లు పేల్చినప్పుడల్లా చాయ్ హోటల్లో గ్లాసులు కదిలేవి. చాయ్ పోసే ఆయన కదిలేవాడు కాదు. భవనం వెనక రేకుల గుడిసెల్లో పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఉండేవాళ్లు. ఊళ్లోవాళ్లనీ కూలీలనీ కలిపి చూడాలని ఆమె పథకం. చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగి, షేర్ ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని వెళ్లేవాళ్లం. ఆటో దిగేసరికి మా తెల్ల కోట్లు తెల్లగా ఉండేవి కావు.

పని తీరు ఇలా ఉండేది. మనిషిని ఎండకి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి ఆమె చిన్న అద్దంతో నోరు చూసేది. పుచ్చినవి, ఊడినవి, సిమెంటు నింపినవి విడివిడిగా చెప్పేది. నేను రాసుకునేవాణ్ణి. సిమెంటు నింపినవి అనే గడిలో రాయాల్సిన అవసరం నాకు దాదాపు రాలేదు. చుట్టూ అంత సిమెంటు ఉండి కూడా.

ఆ తర్వాత ప్రశ్నలు. మొదటి తంటా అక్కడే వచ్చింది. మా డిపార్ట్‌మెంటులో ఎప్పుడో తయారుచేసిన ప్రశ్నలు ఉన్నాయి. ‘మీరు దినమునకు ఎన్ని పర్యాయములు దంతధావనము చేయుదురు?’ అన్నది మొదటిది. నేను దాన్ని గట్టిగా చదివి వినిపిస్తే, గుడిసెల మేస్త్రీ కాసేపు ఆలోచించి, “గది మా దగ్గర ఉండది సారూ. ఊర్లె షావుకారి దుకాణంల అడుగుండ్రి” అన్నాడు.

పండ్ల విషయంలో ఇంకో చిక్కు. మా పుస్తకంలో పళ్లు అంటే నోట్లోవి, పండ్లు అంటే చెట్టువి. మాదాపూర్‌లో నోట్లోవీ పండ్లే, చెట్టువీ పండ్లే. ఆహారం గురించిన ప్రశ్నలో ఒక ముసలాయన్ని “తాతా, పండ్లు తింటవా?” అని అడిగాను. ఆయన నోరు తెరిచి చూపించి, “పండ్లు యాడున్నయి బిడ్డా” అన్నాడు. నేను ఆహారం గడిలో పండ్లు లేవని రాశాను. ఆమె నోటి గడిలో పండ్లు లేవని రాయించింది. రెండూ నిజమే.

దాంతో ఆమె సర్వే ఆపేసింది. ముందు వీళ్ల మాట నేర్చుకుంటానంది. కొన్ని రోజులు పొద్దున్నే వెళ్లి చాయ్ హోటల్ బల్ల మీద ఊరికే కూర్చునేది. తోడుగా నేనూ కూర్చునేవాణ్ణి. నాకు చాయ్ దొరికేది, ఆమెకి మాటలు దొరికేవి. గుడిసెల దగ్గర తల్లులు పిల్లల్ని లేపుతూ, “లే, మొఖం కడుక్కపో, చాయ్ తాగుదువు” అని కేకలు వేసేవాళ్లు. పిల్లలు లేచి బొగ్గు ముక్కో, వేప పుల్లో, ఎర్ర పళ్లపొడో పట్టుకుని మూలకి పోయేవాళ్లు.

“మీ వైపు బ్రష్ చేసుకోవడాన్ని మొఖం కడుక్కోవడం అంటారప్పా” అంది ఆమె, ఏదో మూలకం కనిపెట్టినట్టు.

నన్నడిగి ఉంటే నేనూ అవుననేవాణ్ణి. హైదరాబాదులో మా ఇంట్లో కూడా అంతే. పొద్దున మా అమ్మ “మొఖం కడుక్కున్నవారా?” అంటే, పళ్లు తోముకున్నావా అని. ముఖం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఫలితం ఫోటోల్లో కనిపిస్తుంది.

ఆమె ప్రశ్నని మార్చి రాసింది. ‘దినాం ఎన్నిసార్లు మొఖం కడుగుతరు?’ ఇప్పుడు ఎవరూ దుకాణంలో అడగమనలేదు. అడగ్గానే జవాబులు వచ్చాయి. మూడుసార్లని ఒకరు, నాలుగుసార్లని ఇంకొకరు. ఆడవాళ్లయితే “లెక్క వెట్టలే బిడ్డా” అన్నారు. ప్రొఫెసర్లు కూడా రెండు పూటలా తోముకోని దేశంలో ఈ కూలీలు నాలుగుసార్లు తోముకుంటున్నారని నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

లెక్కలు కట్టి చూస్తే విచిత్రంగా తేలింది. ఎంత ఎక్కువసార్లు కడుగుతామన్నవాళ్లకి అంత ఎక్కువగా పళ్లు పాడై ఉన్నాయి. ఊళ్లో అరుగు మీద కూర్చుని ఒక్కసారే అన్న పెద్దమనుషుల పళ్లు కాస్త నయం.

మా ప్రొఫెసర్ గారిది కోస్తా. విద్యార్థుల్ని కూడా అండీ అనే మనిషి. ఆ కాగితాలు చూసి కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం మేం మూడో సంవత్సరం తర్వాత చూడలేదు.

“ఎక్కువ తోమితే ఎక్కువ పుచ్చు. ఎంత బాగుందండీ. పేస్టు కంపెనీలవాళ్లకి ఇంక నిద్ర పట్టదండీ” అన్నారు.

ఆ పేరుతోనే పేపర్‌ని సదస్సుకి పంపించారు. చోటు దొరికింది. పోస్టర్ కాదు, వేదిక మీద మాట్లాడే చోటు. ఆ ఆదివారం ఆమె కడపకి ఫోన్ చేసింది. బూత్ బయట నిలబడ్డ నాకు ఆమె మాటలు వినపడలేదు గానీ, బయటికి వచ్చిన ముఖం చూస్తే నాయన సగం దిగి వచ్చాడని తెలిసింది.

సదస్సుకి వెళ్లేలోపు మిగిలిపోయిన కొద్దిమందిని చూసేద్దామని మళ్లీ మాదాపూర్ వెళ్లాం. మధ్యాహ్నం అన్నాల వేళ. సిమెంటు తట్టలు మోసే ఒకామె వచ్చింది. కనురెప్పల దాకా బూడిద రంగు. స్టూలు మీద కూర్చోబోయి ఆగింది.

“జర ఆగు బిడ్డా, మొఖం కడుక్కొనొస్త. గీ దుమ్ముతోని కూసుంటే నీ అద్దం ఖరాబైతది” అంది.

డ్రమ్ము దగ్గరికి వెళ్లి ముఖం మీద నీళ్లు కొట్టుకుంది. కొంగుతో తుడుచుకుంది. వచ్చి కూర్చుని నోరు తెరిచింది. నా స్నేహితురాలు అద్దం పట్టుకుని అట్లాగే నిలబడింది. నోట్లోకి చూడలేదు. డ్రమ్ము వైపు చూస్తోంది.

“అమ్మా, నువ్వు ఇప్పుడు ఏం చేసి వచ్చినావు?”

“ఏం జేసిన? మొఖం కడుక్కున్న.”

“పొద్దున కూడా కడుక్కున్నావా?”

“కడుక్కోకుంటనే చాయ్ తాగుతమా?”

“పొద్దున దేంతో కడుక్కున్నావు?”

“బొగ్గుతోని.”

“ఇప్పుడు?”

“నీళ్లతోని. మాటిమాటికి బొగ్గంటే యాడికెల్లి తేవాలె? ఏమైంది బిడ్డా, నీళ్లతోని గడుగొద్దా?”

“కడుక్కోవచ్చమ్మా. తప్పేం లేదు” అంది ఆమె. తర్వాత ఆ నోరు ఎప్పటిలాగే జాగ్రత్తగా చూసి, ఏ పన్ను ఎట్లా ఉందో నాతో రాయించింది.

చాయ్ కూడా తాగకుండా ఒక బండరాయి మీద కూర్చున్నాం. విషయం అప్పటికే ఇద్దరికీ అర్థమైంది. పొద్దున మొఖం కడగడమంటే పళ్లు. మధ్యాహ్నం మొఖం కడగడమంటే మొఖమే. ఎవరు ఎక్కువ దుమ్ములో పనిచేస్తే వాళ్లు ఎక్కువసార్లు కడుగుతారు. ఎక్కువ దుమ్ములో పనిచేసేవాళ్లే ఆకలి తెలియకుండా తంబాకు దవడన పెట్టుకుంటారు, సందు దొరికితే తియ్యటి చాయ్ తాగుతారు. ఆ లెక్కలో పళ్లు పాడవడానికీ తోముకోవడానికీ ఏ సంబంధమూ లేదు. మేం కనిపెట్టిందల్లా మాదాపూర్‌లో దుమ్ము ఉందని.

“లైట్ తీస్కో” అన్నాను. “పేపర్‌కి చోటు దొరికింది. వాళ్లు జెప్పిందే రాసినం. అబద్ధమేం లేదు గద.”

“వాళ్లు చెప్పింది నిజమే. మనం అడిగిందే వేరే.”

“గా తేడా సదస్సుల ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలుసు కదప్పా.”

అంతే అంది. గొప్పగా ఏమీ అనలేదు. నేను మా క్లాసులో చాలామంది తెలివైనవాళ్లని చూశాను. ఇంత తక్కువ మాటల్లో ఇంత నష్టానికి ఒప్పుకున్న మనిషిని అంతవరకూ చూడలేదు. నా దగ్గర ఆ సమయానికి ఒక జోకు ఉంది. వేయలేదు. మంచి జోకే.

మర్నాడు ప్రొఫెసర్ గారి గదికి వెళ్లి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“ఆ పేరు మీదే మనకి చోటు ఇచ్చారండీ. పేరు తీసేస్తే చోటూ పోతుందేమోనండీ.”

“పోతే పోనీయండి సార్. తప్పు పేరు.”

“మళ్లీ చేయాలంటే టైముందాండీ?”

“అది తెలీదు సార్. అద్దాలు, ట్రేలు మళ్లీ కావాల. మీరు సంతకం పెట్టాల.”

ఆయన కిటికీలోంచి కాసేపు బయటికి చూశారు. అక్కడ పార్కింగు తప్ప ఏమీ లేదు. తర్వాత సంతకం పెట్టారు. “మా చిన్నప్పుడు మా ఊళ్లో కూడా అలాగే అనేవారండీ. మొహం కడుక్కోవడం అనే. నాకూ తట్టలేదు” అన్నారు. ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అంతకుముందు లేదని కాదు.

టైము నిజంగానే లేదు. భవనం పని చివరికొచ్చింది. “ఐతారం లారీలొస్తయి డాక్టరమ్మా. కొందరు బొంబాయి పోతరు, కొందరు నానక్‌రామ్‌గూడ దిక్కు కొత్త పనికి పోతరు. మల్ల దొరకరు” అని మేస్త్రీ చెప్పాడు.

ఇంకో మాట వెతకడానికి ఆమె ప్రయత్నించలేదు. ఈసారి అసలు మాటే వద్దంది. స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషినీ ఒకటే కోరింది: “పొద్దున లేచినప్పటి నుంచి చాయ్ తాగేదాకా ఏమేం చేస్తారో, ఉత్త చేతుల్తో చేసి చూపించండి.”

మొదట్లో గుడిసెలన్నీ ఒకటే ఎగతాళి.

“మొన్ననే నోరు జూసింది గదనే. కొత్తయి మొలిచినయేమో అని మల్లొచ్చింది.”

“కాదత్తా, డాక్టరమ్మకి మొఖం కడుక్కునుడు రాదంట. మన దగ్గర నేర్సుకుంటాంది.”

“నేర్పియ్యరాదు మరి. ఫీజు ఎంతిస్తవమ్మా?”

“ఫీజు లేదక్కా. మీరు చూపిస్తే నేను రాసుకుంటా” అనేది ఆమె. రాసుకునేది నేనే. అయినా ఆ గౌరవం ఆమెకే దక్కాలి.

తర్వాత అందరికీ హుషారొచ్చింది. మేస్త్రీ అయితే నిద్ర లేవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ఆవులించాడు, పక్కన లేని భార్యని లేపాడు, తిట్లు తిన్నాడు, లేని బీడీ ముట్టించాడు, అది అయిపోయేదాకా తాగాడు. మేం ఓపిగ్గా చూశాం. ఆఖరికి చూపుడువేలు నోట్లో పెట్టి, ముందు పళ్ల మీద రెండు గీతలు గీసి, పుక్కిలించి ఉమ్మాడు. నిజంగానే ఉమ్మాడు. నా చెప్పుల మీద.

“ఎనక పండ్లు తోమరా?” అని అడిగాను.

“కనవడేటియే తోముతం సారూ. ఎనకటియి ఎవరు జూస్తరు?”

ఒక్క మేస్త్రీ కాదు. దాదాపు అందరి చెయ్యీ ముందు పళ్ల దగ్గరే ఆగిపోయింది. ఒక ముసలమ్మ ముందు పళ్లు కూడా వదిలేసి, చిటికెడు తంబాకు తీసి చిగుళ్లకి రుద్దుకుంటున్నట్టు చూపించి, ఇదే మా పండ్లపొడి అంది. ఎన్ని ప్రశ్నలు అడిగినా ఇవి తెలిసేవి కావు. తోముకుంటారా అంటే అందరూ తోముకుంటామనే అంటారు. అబద్ధం కాదు. ఎంతవరకు అనేది చేతికి మాత్రమే తెలుసు. ఆమె ప్రతి ఒక్కరి దగ్గరా మొదటి మనిషిని చూస్తున్నట్టే చూసేది. విసుగు లేదు, నవ్వు లేదు. చివర్లో “మంచిది” అనేది. ఎండలో నిలబడి నిలబడి ముక్కు మీద చర్మం లేచిపోయింది.

ఆదివారం లారీలు చెప్పిన టైముకే వచ్చాయి. హైదరాబాదులో ఏదీ టైముకి రాని రోజుల్లో అవి మాత్రం వచ్చాయి. సామాను ఎక్కిస్తూనే ఒక్కొక్కరూ వచ్చి కూర్చుని చూపించి వెళ్తున్నారు. చివరికి ఒకతను మిగిలిపోయాడు. లారీ కదులుతోంది. అతను పైన మూటల మీద నిలబడి, మా వైపు తిరిగి, వేలు నోట్లో పెట్టుకుని పొద్దుటి పనంతా శ్రద్ధగా చేసి చూపించాడు. కింద ఉన్నవాళ్లు ఈలలు వేశారు. లారీ మలుపు తిరిగేదాకా అతను పుక్కిలిస్తూనే ఉన్నాడు.

“రాసుకున్నా. కుడిచేయి, చూపుడువేలు, ముందటి పండ్లే” అన్నాను.

“ఈసారి నోరు చూడలేదు కదా” అంది.

“లారీ ఎనక ఉరకాల్నా?”

“వద్దు. అతన్ని లెక్కలోంచి తీసేయి.”

తీసేశాను. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ జాలి.

కొత్త లెక్కల్లో సంచలనం ఏమీ లేదు. తోముకున్న ముందు పళ్లు బాగున్నాయి, తోముకోని వెనక పళ్లు పోయాయి, తంబాకు పెట్టిన చోట చిగుళ్లు పోయాయి. ప్రొఫెసర్ గారు ఈసారి లేవలేదు.

“ఇది అందరికీ తెలిసిందే కదండీ” అన్నారు.

“అవును సార్. ఇప్పుడు మనకు కూడా తెలిసింది” అంది ఆమె.

ఆయన పాపం సదస్సువాళ్లకి ఫోన్ చేశారు. పేపర్ మారిందంటే ఒప్పుకోలేదు. చోటు ఇంకెవరికో వెళ్లిపోయింది. వచ్చే ఏడాది చూద్దామండీ అన్నారు ఆయన. వచ్చే ఏడాది ఆమె ఎక్కడుంటుందో ఆయనకీ తెలుసు, అందుకే మాట అక్కడితో ఆపేశారు.

ఆ వారమే వాళ్ల నాయన కడప నుంచి వచ్చాడు. పొట్టిగా, ఖద్దరు చొక్కాతో, చేతిలో సంచీతో. కాలేజీ క్యాంటీన్లో ముగ్గురం కూర్చున్నాం. చోటు పోయిందని ఆమె ముందే చెప్పేసింది. ఎందుకు పోయిందో కూడా చెప్పింది, మొదట్నుంచి చివరిదాకా, ఏదీ తగ్గించకుండా. ఆయన ముట్టుకోని చాయ్ మీద మీగడ కట్టింది.

“మళ్లా పోయి అడిగితే వాళ్లు తిట్టలేదా పాపా?”

“తిట్టలేదు నాయనా. ఎగతాళి చేసినారు.”

“నువ్వేం జేసినావు?”

“చేయనిచ్చినా.”

“అందరూ మళ్లా చెప్పినారా?”

“చెప్పినారు. ఒకాయన లారీ ఎక్కినాక కూడా.”

ఆయన నా వైపు తిరిగాడు. “నిజమేనా అబ్బీ?”

“నిజమే సార్. ఆయన్ని లెక్కల నుంచి తీసేసింది” అన్నాను.

“ఎందుకు?”

“నోరు జూడలేదని.”

ఆయన మీగడని వేలితో పక్కకి తోసి చాయ్ అంతా ఒక్క గుక్కలో తాగేశాడు. చల్లారిన చాయ్ అట్లా తాగేవాళ్లు తక్కువ.

“పని సగంలో ఇడిచిపెట్టి వస్తే, ఇంటికాడ మాత్రం నీకు నిద్ర పడుతుందా” అన్నాడు. ప్రశ్నలాగా అనలేదు. “ఉండు. ఒక సంవత్సరం. మీ అమ్మకి నేను చెప్పుకుంటా.”

ఆమె తల ఊపింది. ఆయన సంచీలోంచి వేరుశనగ ఉండల పొట్లం తీసి మా మధ్య పెట్టాడు. “పండ్లకి మంచిది కాదేమో. తినండి” అని సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె ట్రే, అద్దాలు పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉంది. నానక్‌రామ్‌గూడకి బస్సు ఎక్కడ ఎక్కాలని నన్నడిగింది. బస్సు లేదు, షేర్ ఆటోనే ఉందని చెప్పాను. అది నిండితే గానీ కదలదని కూడా చెప్పాను. నా పోస్టింగు ముందు రోజే అయిపోయింది. ఆ సంగతి చెప్పలేదు. వెళ్లి ఆటోలో కూర్చున్నాం. డ్రైవర్ దిగి, రోడ్డు మీద పోయేవాళ్లందర్నీ నానక్‌రామ్‌గూడ, నానక్‌రామ్‌గూడ అని పిలుస్తున్నాడు.